పాత పెట్రోలు అంబాసిడర్‌కి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్: మార్చేది స్విచ్చి ఒక్కటే

పాలకుర్తి నుంచి మాట్లాడుతున్నాను. మన షెడ్డు సోమేశ్వరస్వామి గుట్ట కిందే, తెలిసినవాళ్ళకి తెలుసు. ఎప్పటిలాగే, నెట్ సరిగా అందక వీడియో చూడలేనివాళ్ళ కోసం మాట్లాడిందంతా ఇక్కడ రాసి పెడుతున్నాం.

ఇవాళ్టి విషయం పాయింట్లు. పాత పెట్రోలు కారు ఉన్నవాళ్ళు ఫోన్ చేసి అడిగేది ఎక్కువగా ఒకటే ప్రశ్న. "పాయింట్లతో విసిగిపోయినం, ఎలక్ట్రానిక్ కిట్టు ఏస్తే గొడవ ఒడుస్తదా?" అని. ఒడుస్తుంది, కానీ కొంతే. ఏది ఒడుస్తుంది, ఏది ఒడవదు అన్నది కిట్టు కొనకముందే తెలియాలి. అది చెప్పడానికే ఈ ఎపిసోడ్. డీజిల్ అంబాసిడర్ ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు. మీ ఇంజిన్‌లో స్పార్కే లేదు.

ముందు పాయింట్లు చేసే పని చూద్దాం. మన అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన కారు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారైంది. అందులో ఎక్కువకాలం వచ్చిన పెట్రోలు ఇంజిన్ 1489 సీసీది, నాలుగు సిలిండర్లు. ఆ ఇంజిన్ పక్కన నిలబడి ఉండే డబ్బా డిస్ట్రిబ్యూటర్. లూకాస్ డిజైన్. పైన నల్లటి క్యాప్, దాని కింద రోటర్, రోటర్ కింద ఒక ప్లేటు, ఆ ప్లేటు మీద పాయింట్ సెట్టు, పక్కనే చిన్న గొట్టంలాంటి కండెన్సర్.

పాయింట్లంటే రెండు చిన్న లోహపు ముక్కలు. కలిసి ఉన్నంతసేపు బ్యాటరీ నుంచి కాయిల్‌లోకి కరెంటు పోతుంది, కాయిల్‌లో అయస్కాంత శక్తి నిండుతుంది. మధ్యలో తిరిగే షాఫ్టుకి నాలుగు మూలలున్న క్యామ్ ఉంటుంది. ఒక్కో మూల వచ్చి తగిలినప్పుడు పాయింట్లు విడిపోతాయి. కరెంటు టక్కున తెగుతుంది. తెగినప్పుడే, నిండిన శక్తి కూలిపోయి, కాయిల్ రెండో చుట్టలో వేల వోల్టులు పుడతాయి. అది రోటర్ మీదుగా సరైన ప్లగ్గుకి పోతుంది. స్పార్క్ పుట్టేది కరెంటు ఇచ్చినప్పుడు కాదు, తెంపినప్పుడు. ఇది గుర్తుంటే మిగతాదంతా సులువు.

అంటే పాయింట్లు ఒక స్విచ్చి, అంతే. కాకపోతే చాలా కష్టపడే స్విచ్చి. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకోండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి చుట్టుకి రెండు స్పార్కులు కావాలి. నిమిషానికి 6000, సెకనుకి 100. సెకనుకి వందసార్లు కలిసి, వందసార్లు విడిపోవాలి. ఇక్కడి నుంచి జనగామ పోయేలోపు ఎన్ని వేలసార్లో మీరే లెక్కేసుకోండి. అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో ఈ పద్ధతిని కార్లలోకి తెచ్చాడు. అరవై ఏళ్ళకి పైగా ప్రపంచంలోని పెట్రోలు కార్లు చాలావరకు దీనిమీదే నడిచాయి. 1973 మోడళ్ళ నుంచి అమెరికాలో క్రైస్లర్ కంపెనీ తన కార్లన్నిటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేసింది. మన అంబాసిడర్లు, పద్మినీలు ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు పాయింట్లతోనే వచ్చాయి.

ఇక పాయింట్లు ఎందుకు చెడతాయి? రెండు కారణాలు. ఒకటి, విడిపోయిన ప్రతిసారీ ఆ ముక్కల మధ్య చిన్న మెరుపు. కండెన్సర్ దాన్ని మింగుతుంది కానీ పూర్తిగా కాదు. ఒక ముక్క మీద గుంట పడుతుంది, ఎదుటి ముక్క మీద బొడిపె లేస్తుంది. రెండోది, క్యామ్‌కి రాసుకునే పాయింటు మడమ అరుగుతుంది. మడమ అరిగితే గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా విడిపోతాయి. అంటే స్పార్క్ ఆలస్యం. టైమింగ్ వెనక్కి పోతుంది. పికప్ తగ్గుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఇది ఒక్కరోజులో జరగదు. రోజూ కొంచెం కొంచెం జరుగుతుంది కాబట్టి నడిపేవాడికి తెలియదు.

గ్యాప్ ఎంతుండాలి? లూకాస్ 25డీ4 డిస్ట్రిబ్యూటర్‌కి 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఇంచీల్లో చెప్పే పాత మేస్త్రీలు "పద్నాలుగు, పదహారు థౌ" అనేది దీన్నే. ఫీలర్ గేజ్‌తో కొలవాలి. ప్లగ్గు గ్యాప్‌కి హాక్సా బ్లేడు పెట్టి చూసే మేస్త్రీలు మనకి తెలుసు. బ్లేడు మందం సుమారు 0.6 మిల్లీమీటర్లు కాబట్టి ప్లగ్గుకి ఆ లెక్క నడుస్తుంది. పాయింట్లకి నడవదు.

అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. పాయింట్లు చెడ్డ వస్తువు కావు. కొన్ని వేల కిలోమీటర్లకోసారి ఎవరో ఒకరు క్యాప్ విప్పి, గ్యాప్ చూసి, క్యామ్‌కి చిటికెడు గ్రీజు రాసి, టైమింగ్ పెట్టాలి. ఒకప్పుడు ప్రతి ఊరి సెంటర్లో ఆ పని తెలిసినవాళ్ళు ఉండేవాళ్ళు. ఇప్పుడు కుర్రవాళ్ళు స్కానర్ పెట్టి చూడటం నేర్చుకున్నారు, అది వాళ్ళ తప్పు కాదు. వాళ్ళ చేతికొచ్చే బండ్లలో పాయింట్లు లేవు. చేతులు మారినా కారు మారలేదు. కాబట్టి ఎలక్ట్రానిక్ కిట్టు అవసరం ఇంజిన్‌ది కాదు, ఊర్లో మేస్త్రీ లేకపోవడానిది. ఈ మాట మనసులో పెట్టుకోండి.

కిట్టు ఏం చేస్తుంది? పాయింట్లూ కండెన్సరూ తీసేసి, ఆ ప్లేటు మీదే ఒక చిన్న మాడ్యూల్ బిగిస్తాం. రోటర్ కింద, షాఫ్టు మీద ఒక ప్లాస్టిక్ రింగు తొడుగుతాం. అందులో నాలుగు అయస్కాంతాలు. ఒక్కో అయస్కాంతం మాడ్యూల్ ముందు నుంచి పోయినప్పుడు లోపలి సెన్సర్ పసిగట్టి, ట్రాన్సిస్టర్‌తో కాయిల్ కరెంటు తెంపుతుంది. రాసుకునేది లేదు, మెరుపు లేదు, అరుగుదల లేదు. గ్యాప్ మారదు కాబట్టి ఒకసారి పెట్టిన టైమింగ్ ఆ అరుగుదలతో జరగదు. లాభం ఇదే. చిన్న లాభం కాదు.

కానీ చూడండి, మార్చింది స్విచ్చి ఒక్కటే. కాయిల్ పాతదే. క్యాప్ పాతదే. రోటర్, వైర్లు, ప్లగ్గులు పాతవే. షాఫ్టు, బుష్‌లు పాతవే. వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ని ముందుకు జరిపే బరువులు, స్ప్రింగులు ప్లేటు కింద తుప్పు పట్టి ఉంటే ఆ తుప్పు అలాగే ఉంటుంది. వ్యాక్యూమ్ డబ్బాలో పొర చిరిగి ఉంటే చిరిగే ఉంటుంది. వీటిలో దేనికీ కిట్టు మందు కాదు.

దీనికి ఒక ఉదాహరణ చెప్తాను. పోయిన ఎండాకాలం తొర్రూరు వైపు ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. వాళ్ళ నాన్న మాస్టారు. 1980ల్లో కొన్న మార్క్ 4 అంబాసిడర్. మాస్టారు పోయి మూడేళ్ళు. కొడుకు ఉద్యోగం వేరే ఊళ్ళో. కారు ఇంటి దగ్గర తల్లి ఉంచుకుంది, ఆసుపత్రికనీ గుడికనీ తెలిసిన పిలగాడు నడుపుతాడు. వచ్చిన చిక్కేమిటంటే, స్టార్ట్ అవుతుంది, ఐడిల్‌లో బాగానే ఉంటుంది, రోడ్డెక్కి యాక్సిలరేటర్ నొక్కగానే దగ్గుతుంది, ఒక్కోసారి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. రెండుసార్లు ఆ తల్లి చీకటి పడేదాకా రోడ్డు పక్కన కూర్చోవాల్సి వచ్చింది. అప్పటికే రెండు చోట్ల కార్బురేటర్ విప్పించారు, కొత్త కాయిల్ వేయించారు, పెట్రోలు పంపు మార్పించారు.

ఆయన అన్నాడు, "అన్నా, ఎలక్ట్రానిక్ కిట్టు ఏసేయ్‌రి. పైసలు ఎంతైనా సరే. గిదే ఆఖరు ఖర్చు. ఇది కూడా కాకపోతే కాంటా మీద పెట్టి అమ్ముత. మా బాపు కారని సూసుకుంట కూసుంటే మా అమ్మ పాణం మీదికొచ్చేటట్టున్నది."

నేను అన్నాను, "కిట్టు ఎటూ పోదు. ముందు క్యాప్ ఇప్పి సూద్దాం."

క్యాప్ తీసి, పాయింట్లున్న ప్లేటుని వేలితో అటూ ఇటూ జరిపాను. ఆ ప్లేటు కదలాలి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు వ్యాక్యూమ్ మారి, డబ్బా కడ్డీ ఈ ప్లేటుని జరుపుతుంది. ఆ ప్లేటు నుంచి డిస్ట్రిబ్యూటర్ బాడీకి ఒక పొట్టి ఎర్త్ వైరు ఉంటుంది, పైన గుడ్డ తొడుగు. వేలెడు కూడా ఉండదు. మల్టీమీటర్ ఒక ముల్లు ప్లేటు మీద, ఒక ముల్లు బాడీ మీద పెట్టి ప్లేటుని జరిపితే, ఒక చోట చదువు సున్నా దగ్గర ఉంది, ఇంకో చోట ఎగిరిపోయింది. ఏళ్ళ తరబడి వంగి వంగి ఆ వైరు తొడుగు లోపల తెగింది. పైకి చూస్తే బాగానే ఉంది. ఐడిల్‌లో తీగలు తగులుతున్నాయి, ప్లేటు జరగగానే విడిపోతున్నాయి. కారు దగ్గుకి కారణం అదే.

ఇప్పుడు ఆలోచించండి. అదే రోజు ఆయన మాట విని కిట్టు బిగించి ఉంటే? మాడ్యూల్‌కి ఎర్త్ అందేది ఆ ప్లేటు ద్వారానే. వైరు తెగే ఉంది. కారు మళ్ళీ దగ్గేది. కిట్టు దండగన్న పేరు వచ్చేది, కారు కాంటా ఎక్కేది. ఒక వైరు ముక్క కోసం ముప్ఫై ఏళ్ళకి పైగా నడిచిన కారు ఇనుము లెక్కన పోయేది.

మెత్తటి సన్న తీగల వైరు వేసి, పాయింట్లు శుభ్రం చేసి, గ్యాప్ పెట్టి పంపాను. కారు నడిచింది. కిట్టు వేయలేదా అంటే, వేశాం, దసరా తర్వాత. ఎందుకంటే ఆయన అడిగిన అసలు మాట వేరు. "నేను ఊళ్ళె ఉండను, పిలగానికి పాయింట్లు పెట్టరాదు. మా అమ్మ ఒక్కతే ఉంటది." దానికి కిట్టే జవాబు. ఒడవని రోగానికి కిట్టు వేయడం వేరు, రోగం పోయాక మళ్ళీ రాకుండా వేయడం వేరు.

సరే, కిట్టు కొనకముందు మీరు చూడాల్సినవి చెప్తాను. రాసుకోండి.

మొదటిది, బ్యాటరీలో ఏ కొస బాడీకి ఎర్త్ అయింది? ఇప్పుడు అన్ని బండ్లకీ మైనస్ ఎర్త్. బాగా పాత డైనమో బండ్లలో ప్లస్ ఎర్త్‌వి ఉండొచ్చు. మైనస్ ఎర్త్ కిట్టు ప్లస్ ఎర్త్ బండికి పెడితే మాడ్యూల్ అక్కడికక్కడే పోతుంది. పాయింట్లకి ప్లస్సూ మైనస్సూ ఒకటే, ఎలక్ట్రానిక్స్‌కి కాదు.

రెండోది, షాఫ్టు ఆట. రోటర్ తీసి షాఫ్టు కొస పట్టుకుని పక్కలకి నెట్టండి. కదలిక చేతికి తెలిసిందంటే బుష్ అరిగింది. ఇంకా కచ్చితంగా కావాలంటే నాలుగు మూలల మీదా పాయింట్ గ్యాప్ కొలవండి. నాలుగూ ఒకటే రావాలి. ఒక చోట 0.40 వచ్చి ఇంకో చోట 0.30 వస్తే లేత్ దగ్గరికి పోయి బుష్ వేయించాల్సిందే. అయస్కాంతపు కిట్టు కొంచెం ఆటని ఓర్చుకుంటుంది కానీ నాలుగు సిలిండర్లకీ టైమింగ్ సమానంగా రాదు.

మూడోది, బరువులు. రోటర్ పట్టుకుని తిరిగే వైపు కొంచెం తిప్పి వదలండి. స్ప్రింగు లాగి దానంతట అదే వెనక్కి రావాలి. రాకపోతే ప్లేటు ఎత్తి, కడిగి, సన్న నూనె వేయాలి. తర్వాత వ్యాక్యూమ్ పైపుని నోటితో పీల్చండి. ప్లేటు కదలాలి, గాలి నిలవాలి.

నాలుగోది, కాయిల్. వైర్లు విప్పి, రెండు చిన్న కొసల మధ్య మల్టీమీటర్‌తో ఓములు చూడండి. మామూలు 12 వోల్టుల కాయిల్‌కి సుమారు 3 ఓములు వస్తుంది. అంటే 4 ఆంపియర్ల కరెంటు. బ్యాలాస్ట్‌తో వాడే కాయిల్‌కి సుమారు 1.5 ఓములే. దాన్ని బ్యాలాస్ట్ లేకుండా నేరుగా కలిపితే 8 ఆంపియర్లు పోతుంది, చాలా మాడ్యూళ్ళు తట్టుకోలేవు. కిట్టు కాగితంలో ఏ కాయిల్ కావాలని రాశారో అదే వాడండి.

ఐదోది, ప్లగ్గు వైర్లు. లోపల ఉత్త రాగి తీగ ఉన్న వైర్లు పాయింట్లకి చక్కగా పనిచేస్తాయి. ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌ని మాత్రం అవి రేడియోని గరగరలాడించినట్టు గందరగోళపెడతాయి. రెసిస్టెన్స్ ఉన్న వైర్లు వేయండి.

ఆరోది, బ్యాటరీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ చూడండి. 9.6 కంటే బాగా దిగిపోతుంటే ముందు బ్యాటరీ సంగతి చూడండి. నీరసపడ్డ బ్యాటరీతో పాయింట్లు ఎలాగో స్పార్క్ ఇస్తాయి, కొన్ని మాడ్యూళ్ళు అసలే ఇవ్వవు.

ఇవన్నీ సరిగా ఉంటే బిగించడం అరపూట పని కూడా కాదు. బ్యాటరీ వైరు విప్పండి. క్యాప్ తీసి, రోటర్ ఎటు చూస్తోందో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. పాయింట్లు, కండెన్సర్ తీయండి. ప్లేటుని శుభ్రంగా తుడవండి, నూనె జిడ్డు మీద ఎర్త్ అందదు. మాడ్యూల్ బిగించి, రింగుని షాఫ్టు మీద అడుగుదాకా నొక్కండి. మాడ్యూల్‌కీ రింగుకీ మధ్య ఎంత ఖాళీ ఉండాలో కిట్టు కాగితంలో ఉంటుంది, కొన్నిటికి ప్లాస్టిక్ గేజ్ కూడా ఇస్తారు. రోటర్ పెట్టాక క్యాప్‌కి తగులుతోందేమో చేత్తో ఇంజిన్ తిప్పి చూడండి. వైర్లు, మైనస్ ఎర్త్ బండికి, సాధారణంగా ఎర్రది కాయిల్ ప్లస్‌కి, నల్లది మైనస్‌కి. పాత లూకాస్ కాయిళ్ళ మీద ప్లస్ మైనస్ బదులు ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉంటుంది. ఎస్‌డబ్ల్యూ అంటే తాళం వైపు నుంచి వచ్చేది, సీబీ అంటే పాయింట్ల వైపు పోయేది. మైనస్ ఎర్త్ బండిలో ఎస్‌డబ్ల్యూయే ప్లస్.

బిగించి స్టార్ట్ చేయగానే పని అయిపోయిందని క్యాప్ మూసేయకండి. స్విచ్చి మారింది కాబట్టి స్పార్క్ పడే క్షణం కూడా మారింది. టైమింగ్ లైటు పెట్టి, వ్యాక్యూమ్ పైపు విప్పి మూసి, కారు పుస్తకంలో ఉన్న అంకెకి మళ్ళీ పెట్టాలి. చాలామంది ఈ పని ఎగ్గొట్టి, కిట్టు వేశాక పికప్ పోయిందంటారు.

వేశాక రెండు జాగ్రత్తలు. ఇంజిన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో పెట్టి పాటలు వినొద్దు, మాడ్యూల్, కాయిల్ రెండూ కాలిపోవచ్చు. ఇంకో బండి నుంచి కరెంటు ఇచ్చేటప్పుడు వైర్లు తారుమారు చేయొద్దు.

ఇక మీరు పంపిన ప్రశ్నలు. "మైలేజీ పెరుగుతుందా?" అని ఒకరు. మీ పాయింట్లు సరిగా పెట్టి ఉంటే పెద్ద తేడా ఉండదు. పెట్టకుండా ఏళ్ళ తరబడి నడుపుతుంటే తేడా తెలుస్తుంది. ఆ తేడా పాయింట్లు సరిచేసినా వచ్చేదే.

"వానాకాలంలో ఆగడం తగ్గుతుందా?" అని ఇంకొకరు. క్యాప్‌లో తేమ చేరితే, పగులు ఉంటే, వేల వోల్టులు ఆ దారినే పోతాయి. కొత్త క్యాప్ వేయండి. దానికి కిట్టు అక్కర్లేదు.

"చేతక్ స్కూటర్‌కి ఇదే వేయొచ్చా?" అంటే కుదరదు. దాని పాయింట్లు ఫ్లైవీల్ వెనక మాగ్నెటోలో ఉంటాయి. ఆ పద్ధతే వేరు, ఇంకో ఎపిసోడ్‌లో చెప్పుకుందాం.

"కారు ఒరిజినల్‌గా ఉండాలి కదా" అని ఒక పెద్దాయన రాశారు. నిజమే. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు లేకుండా ఉన్న బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఆ దారిలో పోయేవాళ్ళకి చెప్పేది ఒకటే. ఈ కిట్టుకి ఏదీ కోయక్కర్లేదు, ఏ రంధ్రమూ పెట్టక్కర్లేదు. తీసిన ప్రతి వస్తువూ ఒక డబ్బాలో దాచండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ పాయింట్లు పెట్టుకోవచ్చు.

ఆ డబ్బా ఇంట్లో కాదు, డిక్కీలో ఉండాలి. ఇది అందరికీ చెప్తున్నా. పాయింట్లు చెడేటప్పుడు రోజుల తరబడి సూచన ఇస్తాయి, దగ్గుతూ దగ్గుతూ ఇంటిదాకా తెస్తాయి. మాడ్యూల్ పోతే మాత్రం సాధారణంగా చెప్పకుండా పోతుంది, స్టేషన్ ఘన్‌పూర్ రోడ్డు మీద రాత్రిపూట మాడ్యూల్ ఎక్కడా దొరకదు. గ్యాప్ ముందే పెట్టిన పాయింట్ల ప్లేటు, ఒక కండెన్సర్, ఒక స్క్రూడ్రైవర్, ఒక టార్చి. పాత ప్లేటు ఇంకొకటి దొరికితే దాని మీదే పాయింట్లు బిగించి పెట్టుకోండి, మార్చడం అరగంట పని. మాస్టారి కారు డిక్కీలో అదే పెట్టాం. నడిపే పిలగాడిని షెడ్డుకి పిలిచి, మూడుసార్లు వాడి చేతే విప్పించి బిగింపించాను. మూడోసారి ఫోటో చూడకుండా పెట్టాడు.

మీ బండికి వేయించే ముందు మీరు కూడా క్యాప్ ఒకసారి విప్పి చూడండి. ఆ పొట్టి ఎర్త్ వైరు ఎలా ఉందో చూసి రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో క్యాప్, రోటర్ పగుళ్ళు చీకట్లో ఎలా కనిపెట్టాలో చూపిస్తాను. ఉంటానండీ, నమస్కారం.